కొసరాలమ్మ దాచిన చెప్పులు

నేమాని జోగినాథం కథలు రాస్తాడన్న సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు జోగినాథం. రెండోవారు ఆయన భార్య వర్ధని. ఆ సంగతి మర్చిపోవాలని ఆవిడ పెళ్ళయిన నాటి నుంచీ శాయశక్తులా ప్రయత్నిస్తూనే ఉంది. ఆయన చేతి డబ్బు పెట్టి అచ్చు వేయించుకున్న 'ఆవిరి అంచున అరిటాకు' అనే కథల సంపుటి, రాజోలులోని వాళ్ళింట్లో కట్టలు విప్పకుండానే ఉంది. ఆ కట్టల మీద వర్ధని ఆవకాయ జాడీలు పెట్టుకుంది. ఎత్తు సరిగ్గా సరిపోయిందట.

"అసలు మీ కథల్లో ఏం జరుగుతుందండీ?" అని ఒకసారి అడిగిందావిడ, పాపం, మంచి మనసుతోనే.

"ఏమీ జరగదు. అదే కథ," అన్నాడు జోగినాథం గర్వంగా.

"మరి చివరికేమవుతుంది?"

"చివర అనేది ఉండదు. ముగింపు పాఠకుడికి వదిలేస్తాను."

"పాఠకుడేడీ?" అందావిడ.

ఆ మాట జోగినాథం గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఎప్పటికైనా తన కథ ఒకటి చదివి, ఒక్కరంటే ఒక్కరు, పోనీ వర్ధనే, 'బాగుందండీ' అనాలి. అది ఆయన జీవితాశయం. రెండో ఆశయం ఉద్యోగం పర్మినెంటు కావడం. రెండూ తీరే యోగం గోగులంకలో రాసిపెట్టి ఉందని ఆయనకప్పుడు తెలియదు. తీరే పద్ధతి తెలిసి ఉంటే అసలు ఆ లాంచీయే ఎక్కేవాడు కాదేమో.

గోగులంక గోదావరి పాయ మధ్యలో ఉన్న చిన్న లంక. చుట్టూ నీళ్ళు, మధ్య కొబ్బరితోట, ఆ తోటలో పర్యాటక ప్రాభవ సంస్థ వారి విడిది. తాటాకు కప్పినట్టు కనబడే సిమెంటు కుటీరాలు, వాటి నిండా ఏసీలు. రావాలన్నా పోవాలన్నా లాంచీ ఒక్కటే దారి. అక్కడ జోగినాథం ఏడాదికోసారి కొనసాగించే కాంట్రాక్టు మీద 'కథాధికారి'.

విడిదిలో కథాధికారి ఎందుకని మీరడగవచ్చు. సత్తెమ్మ కూడా అడిగింది. సత్తెమ్మ అక్కడి వంటింటికి పెద్ద. కథంతా ఆ సంస్థ డైరెక్టరు ప్రమద్వర గారు ఏదో దేశం వెళ్ళి రావడంతో మొదలైంది. అక్కడ గిన్నెడు చారు ఇచ్చే ముందు ఆ చారు పుట్టుపూర్వోత్తరాలు గంటసేపు చెప్పారట. చారు చల్లారిపోయింది గాని ఆవిడ హృదయం వేడెక్కింది. తిరిగొచ్చిన మర్నాడే ఉత్తర్వు వెలువడింది: "కథ లేని కూర కూర కాదు, కేవలం పోషకాహారం. కావున ఇకపై స్థానిక ఐతిహ్యము లేని ఏ స్థానిక వంటకమునూ అతిథులకు వడ్డింపరాదు."

"బొమ్మిడాయిల పులుసుకి కథేటండీ బాబూ?" అంది సత్తెమ్మ. "సింతపండు రసం పోత్తాం, ఉడుకుద్ది, దింపుతాం. అదే కథ."

"అది చాలదు సత్తెమ్మా. శాపమో వరమో ఉండాలి."

"ముల్లు ఇరుక్కుంటే అదే శాపం," అంది సత్తెమ్మ.

జోగినాథం కలం పట్టాడు. బొమ్మిడాయి ఒకప్పుడు అలిగి నీళ్ళలో దూకిన రాజకుమారి అయింది. మజ్జిగ ఏడుగురు అక్కచెల్లెళ్ళ కన్నీరయింది. దబ్బకాయ ఊరగాయ ఒక మునికి కోపం తెప్పించింది. ఉప్మాకు మాత్రం ఎంత వెతికినా ఐతిహ్యం దొరకలేదు. దాన్ని నిలిపేశారు. అతిథుల్లో ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

మేనేజరు కలిదిండి రామభద్రరాజు గారు కథల మంచిచెడ్డల జోలికి వెళ్ళే మనిషి కాదు. కాగితం పైనుంచి వచ్చిందా లేదా అన్నదొక్కటే ఆయనకు కావాలి. ఒకనాడు పొద్దున్నే పరుగెత్తుకొచ్చాడు. "పంతులుగారూ, కొంప మునిగింది! డైరెక్టరు గారు తనిఖీకి వస్తున్నారు. పనసపొట్టు కూర ఆకులో ఉంది, దానికి కథ లేదు. సదరు లాంచీ కనబడుతోంది కూడానూ!"

లాంచీ నది మలుపులో కనబడిన దగ్గర్నుంచి రేవు చేరేలోపు జోగినాథం కథ రాయాలి. శైలికి టైము లేదు. శిల్పానికి అసలే లేదు. చేతికేది తోస్తే అది రాశాడు. ఆ గాభరాలో ఆయనకు తోచింది కొత్తల్లుడిగా అత్తవారింటికి వెళ్ళిన రోజులు. ఆ సీమ మర్యాద మీకు తెలియంది కాదు. చాలు అంటే ఇంకో గరిటె. వద్దు అంటే రెండు గరిటెలు. బయల్దేరతాం అంటే "అయ్యో, అప్పుడేనా!" అని చెప్పులు మాయం. అలా ఆయన చెప్పులు మాయమై మూడు రోజులు అత్తవారింట్లో పడి తిన్నాడు. ఆ చెప్పులు ఎక్కడ దాచారో ఇప్పటికీ ఆయనకు చెప్పలేదు.

దాన్నే కాస్త పైకెత్తి అమ్మవారిని చేశాడు. అనగనగా ఈ లంకలో కొసరాలు అనే ఇల్లాలు. వానలో తడిసి ఒక బాటసారి వచ్చాడు. ఆవిడ పనసపొట్టు కూరతో అన్నం పెట్టింది. అతను చాలన్నాడు, ఆవిడకు వినబడలేదు. వెళ్తానన్నాడు, చెప్పులు దాచేసింది. ఇంకో పూట ఉండు నాయనా అంది. అతను ఉన్నాడు. మర్నాడూ అంతే. ఆవిడే కొసరాలమ్మగా వెలిసింది. ఇంతవరకు రాసేసరికి లాంచీ కూత వినబడింది. చివరి వాక్యం మాత్రం జోగినాథం సొంత సాహిత్యం: "ఆ చెప్పులు ఎక్కడున్నవో నేటికీ ఎవరికీ తెలియదు."

ముగింపు పాఠకుడికి వదిలేశాడన్నమాట.

ప్రమద్వర గారు కూర తింటూ కథ విన్నారు. కూర అయిపోయింది, కథ అయిపోయింది, ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు.

"ఇది కథ కాదు రాజుగారూ," అన్నారు గద్గదంగా. "ఇది ఆతిథ్య విధానం. మన మూలాల్లో నిక్షిప్తమై ఉన్న విధానం. దీన్ని మనం చెప్పకూడదు. జరిపించాలి."

"నోట్ చేసుకున్నాను మేడమ్," అన్నాడు రామభద్రరాజు, ఏం నోట్ చేసుకున్నాడో తనకే తెలియకుండా.

"ఎవరి దగ్గర సేకరించారు?" అని ఆవిడ జోగినాథాన్ని అడిగారు.

నేనే రాశానండీ అని నోటిదాకా వచ్చింది. కానీ ఐతిహ్యం అనేది సేకరించాలి గాని రాయకూడదు. రాస్తే ఉత్తర్వు ప్రకారం నేరం. పర్మినెంటు ఫైలు ఆవిడ బల్ల మీదే ఉందాయె. "ఇక్కడి పెద్దలు చెప్పుకుంటారండీ," అని నసిగాడు. పెద్దలు అంటే తనకూ ఏభై దాటాయి కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

వారం తిరక్కుండా రెండో ఉత్తర్వు దిగింది. "ఐతిహ్యమును అతిథికి అనుభూతిగా అందించుటకై: ఒకటి, అతిథి 'చాలు' అను మాట సిబ్బందికి వినబడరాదు. రెండు, అతిథి తిరుగు ప్రయాణమును ప్రకటించిన తక్షణమే పాదరక్షలు దాచవలెను. మూడు, పై రెండింటిలో ఐతిహ్యము నుండి ఏ మాత్రము వైదొలగరాదు."

వడ్డించేవాళ్ళకు రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. 'చాలు' అనగానే ముఖంలో ఏ కదలికా లేకుండా నిలబడడం ఎలాగో రామభద్రరాజు స్వయంగా నేర్పించాడు. పై అధికారుల ముందు ముప్ఫై ఏళ్ళుగా ఆయన చేస్తున్న పని అదేనట. అప్పటికీ ఇద్దరు కుర్రాళ్ళకు జాలిగుండె వదల్లేదు. వాళ్ళ చెవుల్లో దూది పెట్టారు. అతిథులు విస్తరి మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టేవారు. చేతుల మీద నెయ్యి పోసేవారు. చేతులు తీయక ఏం చేస్తారు?

మొదట్లో జనం మురిసిపోయారు. అదనంగా ఉన్న పూటలకు బిల్లు వేస్తే మర్యాద కాదు కనుక వెయ్యలేదు. "ఆహా, ఏం ఆప్యాయత!" అంటూ ఫోన్లలో వీడియోలు తీసి లోకానికంతటికీ పంపారు. ఆ వీడియోలు చూసి ఇంకొంతమంది వచ్చారు. రేవు దగ్గరే ఒక సిమెంటు దిమ్మ మీద కొసరాలమ్మ గుడి లేచింది. పసుపు రాసిన రాయి ముందు ఒక వెండి గరిట. జోగినాథం రోజూ అటు వెళ్ళి, ఎవరూ చూడకుండా, ఆ రాయి వంక ముద్దుగా చూసుకునేవాడు. కన్నబిడ్డ పెద్ద ఉద్యోగంలో కూర్చున్నట్టుండేది ఆయనకు. 'పాఠకుడేడీ' అంది కదూ వర్ధని? ఇప్పుడు లాంచీల నిండా వస్తున్నారు. వాళ్ళకు ఆయన పేరు తెలియదంతే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, కథలో చెప్పులు దొరకలేదు.

మొదట అడిగినవాడు ఒక బ్యాంకు ఉద్యోగి. "నవ్వులాట బాగానే ఉంది గాని, మా చెప్పులిస్తే వెళ్తామండీ," అన్నాడు. రామభద్రరాజు ఐతిహ్యం ప్రతి తీసి రెండుసార్లు చదివాడు. "చెప్పులు తిరిగిచ్చినట్టు ఇందులో ఎక్కడా లేదండీ. ఇస్తే మూడో క్లాజు ప్రకారం వైదొలగినట్టవుతుంది," అన్నాడు.

"పోనీ, ఒట్టికాళ్ళతోనే పోతాం."

అక్కడ పాత ఉత్తర్వు ఒకటి అడ్డొచ్చింది. ఎప్పుడో ఎవరో లాంచీలో జారిపడ్డాక, పాదరక్షలు లేనివారిని లాంచీ ఎక్కించరాదని భద్రతా నియమం పెట్టారు. లాంచీ సరంగు దాన్ని రేకు మీద రాయించి తగిలించుకున్నాడు. దేవుడొచ్చినా చెప్పులు లేకుండా ఎక్కించనని ఆయన పట్టు. రెండో జత తెచ్చుకున్నవాళ్ళ రెండో జతా దాచేశారు, పాదరక్షలు అన్నారు గాని ఎన్ని జతలో ఉత్తర్వులో అనలేదు కనుక.

రెండు నియమాలూ విడివిడిగా చూస్తే బంగారం. కలిస్తే మాత్రం గోగులంకకు రావడమే గాని పోవడం లేకుండా పోయింది. కుటీరాలు నిండాయి. వరండాలు నిండాయి. కొబ్బరిచెట్లకు ఉయ్యాలలు కట్టి పడుకున్నారు. ఎవరో ఫోను చేస్తే విచారణకు ఎస్సై గారొచ్చారు. మధ్యాహ్నం కదా, కాస్త భోంచేసి విచారిద్దామనుకున్నారు. ఆయన బూట్లు కూడా పోయాయి. పాపం, ఇప్పుడాయన ఏడో నంబరు కుటీరం అరుగు మీద జేబురుమాలు తల మీద వేసుకుని కూర్చుంటున్నారు.

వంటింట్లో సత్తెమ్మ తల ప్రాణం తోకకొచ్చింది. "వచ్చినోడు పోతాడనే కదండీ పంతులుగారూ మనం అంత ప్రేమగా పెడతాం! పోకపోతే ఎట్టాగండీ?" అంది గరిటె విసిరేసి. ఆ మాటలో కాస్త నిజం ఉందని జోగినాథానికి తోచింది గాని, అదే రోజు విడిది నూటికి నూట నలభై శాతం నిండిందని సంస్థకు జాతీయ బహుమతి ప్రకటించారు. నిజం ఎటో పోయింది.

అలాంటి రోజుల్లో స్వరూప ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. కరీంనగర్ వైపు పిల్ల. భర్త లింగమూర్తితో రెండు రోజుల కోసమని వచ్చింది. లింగమూర్తికి ఏ బాధా లేదు. మొదటి రోజు బొత్తాం పెట్టుకోగలిగిన చొక్కా ఇప్పుడు పట్టడం లేదు, అంతే. స్వరూప చేతిలో మాత్రం సంచి ఎప్పుడూ సర్దే ఉండేది.

"సారూ, గీ అమ్మవారి కథ మీరే చెప్తరట గదా," అంది. "ఆ బాటసారి మల్ల ఇంటికెట్ల పోయిండో జర చెప్పుండ్రి. మేం గట్లనే పోతం."

జోగినాథం గొంతు సవరించుకున్నాడు. "అది... ముగింపు..."

"నాకు సర్కారు దవాఖానల నర్సు కొలువొచ్చింది సారూ. ఆరేండ్ల సంది ఎదురు చూసిన. సోమవారం పొద్దుగాల జాయిన్ గావాలె. గాకపోతే ఆర్డరు రద్దయితది, ఎన్కకున్నోళ్ళకు పోతది. ఇయ్యాల శుక్రవారం." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మస్తు మంచిగ పెడుతున్రు సారూ, కాదనం. గానీ మా ఇల్లు మాకుంటది గదా!"

"తిననియ్యవే," అన్నాడు వెనక నుంచి లింగమూర్తి, నోట్లో కొబ్బరి లౌజుతో.

జోగినాథానికి మనసు కలుక్కుమంది. కొలువు కోసం ఎదురుచూడడమంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాలా? ప్రతి ఏడాదీ ఆ కాంట్రాక్టు కాగితం వచ్చేదాకా వర్ధని వంటింట్లో ఎంత మెల్లగా నడుస్తుందో ఆయనకు తెలుసు. ఈ పిల్ల ఉద్యోగం తన చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. ఒక్క వాక్యం! ఎవరూ చదవరన్న ధీమాతో జీవితమంతా ముగింపులు ఎగ్గొట్టుకుంటూ వచ్చినవాడికి, తీరా చదివేవాళ్ళు దొరికాక, కథలోంచి బయటపడే దారి లేకుండా అయింది. తిన్నగా మేనేజరు గదికి వెళ్ళాడు.

"రాజుగారూ, కొసరాలమ్మ కథ నేను రాసిందే. లాంచీ మలుపు తిరిగేటప్పుడు రాశాను. అమ్మవారూ లేదు, ఐతిహ్యమూ లేదు. జనాన్ని వదిలేయండి."

రామభద్రరాజు లేచి తలుపు మూశాడు. "పంతులుగారూ, మీకేమైనా మతిపోయిందా? మీ పర్మినెంటు ఫైలు సంతకానికి సిద్ధంగా ఉంది. ఇప్పుడిలా అంటే అది పోతుంది, మీ మీద కేసూ పడుతుంది."

"పడనీండి."

ఆ మాట అనేటప్పుడు తన గొంతు తనకే కొత్తగా వినబడింది. ఆయన కథల్లో పాత్రలెవరూ ఎన్నడూ అంత గట్టి మాట అని ఎరగరు.

శనివారం విచారణ సంఘం లాంచీ దిగింది. ప్రమద్వర గారు తమ చెప్పులు చేతిసంచిలో పెట్టుకుని మరీ దిగారు. విధానం రాసినవారికి విధానం తెలియదా? ఆవిడ వెంట జానపద నిపుణులు ఆచార్య విరూపాక్షం గారు. ఆయన కొసరాలమ్మ మీద అప్పటికే ఒక సిద్ధాంత వ్యాసం రాసి ఉన్నారు.

"ఇలాంటివారు ప్రతి జిల్లాలోనూ ఒకరుంటారమ్మా," అన్నారాయన జోగినాథాన్ని ఆపాదమస్తకం చూసి. "మొన్న ఒకాయన జోలపాట తానే రాశానంటూ వచ్చాడు. ఏదీ, మీ రచనలేమైనా ఉంటే ఇవ్వండి."

జోగినాథం ఆశగా సంపుటి అందించాడు. ఆచార్యుల వారు మధ్యలో తెరిచి పైకి చదివారు. "'అతను అరిటాకు వైపు చూశాడు. అరిటాకు అతని వైపు చూడలేదు. అయినా అతను చూస్తూనే ఉన్నాడు.' ఇలా ఎన్ని పేజీలు?"

"పదకొండండీ."

"చివరికేమైంది?"

"ముగింపు పాఠకుడికి వదిలేశానండీ."

"పాఠకుడు అంతకుముందే మిమ్మల్ని వదిలేసి ఉంటాడు," అని విరూపాక్షం గారు పుస్తకం మూసేశారు. "మేడమ్, ఇది రాసిన చెయ్యి కొసరాలమ్మ కథ రాయగలదా? ఆ కథలో వాన ఉంది. కూర వాసన ఉంది. ఇల్లాలి గడుసుతనం ఉంది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. ఎన్ని తరాల నోళ్ళలో నానితే వస్తుందండీ ఆ నునుపు! ఆరేడు వందల ఏళ్ళకు తక్కువ కాదు. ఈయన శక్తికి అది మించిన పని."

అయ్యో జోగినాథం! జన్మలో మొదటిసారి ఒక పండితుడు తన కథను అంతలా మెచ్చుకుంటుంటే చెవులారా విన్నాడు. ఆ మెప్పంతా ఆయన మీద సాక్ష్యంగా పనికొచ్చింది. కడుపు నిండింది, ఒళ్ళు మండింది. ఏడవాలో దణ్ణం పెట్టాలో తెలియలేదు. "నేనే రాశానండీ, నా తల్లి తోడు," అన్నాడు.

"అమ్మవారి కథను సొంతం చేసుకోవడం సంస్కృతి మీద దాడి అవుతుంది," అన్నారు ప్రమద్వర గారు. "జోగినాథం గారూ, మీరు విశ్రాంతి తీసుకోండి."

కిటికీలోంచి రేవు మెట్లు కనబడుతున్నాయి. స్వరూప ఒళ్ళో సంచి పెట్టుకుని, ఒట్టికాళ్ళు దగ్గరగా ముడుచుకుని, లాంచీ వైపు చూస్తూ కూర్చుంది. రేపటి లాంచీ దాటితే ఇంక లాంచీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

జోగినాథం చాలాసేపు ఆ పిల్లనే చూశాడు. నేను రాశానంటే నమ్మరు. నమ్మినా తగువు తెగేసరికి నెలలు పడుతుంది. ఈలోగా ఆ పిల్ల కొలువు గంగలో కలుస్తుంది. వీళ్ళ చేత చెప్పులిప్పించాలంటే ఒకటే మార్గం. అది నోట్లోంచి రావడానికి ఆయనకు ప్రాణం పోయినంత పనైంది.

"క్షమించండి," అన్నాడు. "కీర్తి కండూతి కొద్దీ అన్నాను. కథ నేను రాయలేదు. విన్నాను. కాకపోతే పూర్తిగా సేకరించలేదు. చివరి భాగం వదిలేశాను."

ఆచార్యుల వారు కుర్చీలోంచి లేచిపోయారు. "అలభ్య భాగమా! ఎవరి దగ్గరుంది?"

జోగినాథం దిక్కులు చూశాడు. సరిగ్గా అప్పుడే సత్తెమ్మ మజ్జిగ పళ్ళెం పట్టుకుని లోపలికొచ్చింది. "ఇదిగో, ఈవిడ చెప్పిందేనండీ."

సత్తెమ్మ ఆయన ముఖం చూసింది. వాకిట్లో బారులు తీరిన విస్తళ్ళ వంక చూసింది. "అవునండి బాబూ," అంది పళ్ళెం దింపి. "మావోళ్ళు సెప్పుకునేవోరు. పంతులుగోరు బాగా సెప్తారు, ఆయన్నే సెప్పమనండి."

పుట్టి బుద్ధెరిగాక జోగినాథం ఒక కథకు ముగింపు చెప్పడం అదే మొదటిసారి. కళ్ళు మెట్ల మీది పిల్ల మీదే ఉంచి మొదలుపెట్టాడు.

"అదొక ఆదివారం పొద్దు. బాటసారి మెట్ల మీద ఒట్టికాళ్ళతో కూర్చున్నాడు. కొసరాలమ్మ వచ్చి, అలిగావా నాయనా అంది. లేదమ్మా, నీ చేతి కూర అమృతం, కానీ మా ఇంట్లోనూ పొయ్యి వెలుగుతోంది, అక్కడా నా కోసం ఒకరు వడ్డించుకుని కూర్చున్నారు అన్నాడు. ఇన్నాళ్ళూ అతను చాలన్నది వినని తల్లి ఆ మాట విన్నది. చెప్పులు తెచ్చింది. బురద కడిగింది. కొంగుతో తుడిచి కాళ్ళ ముందు పెట్టింది. అరిటాకులో పనసపొట్టు కూర పొట్లం కట్టి చేతిలో పెట్టింది. నా ఇంటికొచ్చినవాడు ఆకలితో పోకూడదు, బెంగతో ఉండకూడదు, పోయి మళ్ళీ రా అంది. ఆదివారం మొదటి లాంచీకే, అంటే పడవకే, అతను వెళ్ళిపోయాడు."

ప్రమద్వర గారు కళ్ళు తుడుచుకున్నారు. విరూపాక్షం గారు ముక్కు చీదుకున్నారు. ఇదంతా అప్పటికప్పుడు అల్లిందని తెలిసిన సత్తెమ్మ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని వెక్కింది.

ఆదివారం పొద్దున్నే చెప్పులు బయటికొచ్చాయి. రాత్రికి రాత్రే దిగిన కొత్త ఉత్తర్వు ప్రకారం రామభద్రరాజు తన కండువాతో ప్రతి జతా తుడిచి కాళ్ళ ముందు పెట్టాడు. ఎస్సై గారి బూట్లకు పాలిష్ కూడా వేశాడు. స్వరూప ముఖం వెలిగిపోయింది. జోగినాథం ఆ పిల్ల తన దగ్గరికే వస్తోందనుకుని చొక్కా సర్దుకున్నాడు. ఆ పిల్ల ఆయన్ని దాటుకుని వెళ్ళి గుడి ముందు కొబ్బరికాయ కొట్టింది. "అంత తల్లి దయ సారూ!" అని ఆయన చేతిలో ఓ చిప్ప పెట్టి లాంచీ ఎక్కింది. లింగమూర్తి ఇంకో పొట్లం అడిగి పుచ్చుకున్నాడు.

మర్నాడు జోగినాథం చేత కాగితం రాయించుకున్నారు: సదరు కథను తాను రాయలేదనీ, రాశానని ఇకముందు ఎన్నడూ అనననీ. నెల తర్వాత పర్మినెంటు ఉత్తర్వూ వచ్చింది. "ఐతిహ్యము సంపూర్ణముగా లభించినందున కథాధికారి పోస్టు అవసరము తీరినది. శ్రీ జోగినాథం గారిని పాదరక్షల సంరక్షణాధికారిగా శాశ్వత ప్రాతిపదికన నియమించడమైనది." ఇప్పుడాయన పని వచ్చినవాళ్ళ చెప్పులు దాచడం, మర్నాడు తుడిచి ఇవ్వడం.

వర్ధని గోగులంకకు మొదటిసారి వచ్చింది అప్పుడే, మొక్కు తీర్చుకోవడానికి. ఆయన ఉద్యోగం పర్మినెంటైతే పనసపొట్టు కూర నైవేద్యం పెడతానని కొసరాలమ్మకు ఎప్పుడో మొక్కుకుందట. గిన్నె మూత తీసి, గరిట ముందు పెట్టి, లెంపలు వేసుకుని మరీ దణ్ణం పెట్టింది. పక్కనే జోగినాథం కూడా చేతులు జోడించాడు. జోడించకపోతే ఆవిడ ఊరుకునేట్టు లేదు.

ఎదురుగా ఉన్నది తన రాయే, తన మాటే. అధికారులకు చెప్పకూడదు గాని భార్యకు చెప్తే తప్పేమిటి? "వర్ధనీ, ఈ కొసరాలమ్మ కథ..." అని మొదలుపెట్టాడు.

"తెలుసండీ, నాకు తెలియకపోవడమేమిటి?" అంది వర్ధని. "పాపం, ఆ బాటసారి చెప్పులు ఇల్లంతా వెతుక్కుంటుంటే, ఆ తల్లి నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోతుంది. తీరా చూస్తే చెప్పులు ధాన్యం గాదెలో!"

జోగినాథం నిలువునా ఆగిపోయాడు. "గాదెలోనా? గాదె మాట ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరో చెప్పేదేమిటండీ, మా అమ్మమ్మ చెప్పేది చిన్నప్పుడు. మన పెళ్ళైన కొత్తలో మీ చెప్పులూ నేను అందులోనే కదా పెట్టాను." ఆవిడ ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయనకు ఏళ్ళయింది. "ఎంత బాగుంటుందండీ ఆ కథ! ఎన్నిసార్లు విన్నా కళ్ళలో నీళ్ళొస్తాయి. మీరూ అలాంటిదొకటి రాయకూడదూ?"

ఆవిడ గిన్నె సర్దుకుని, లాంచీకి వేళవుతోందంటూ మళ్ళీ దణ్ణం పెట్టుకోవడానికి కళ్ళు మూసుకుంది. ఆయన చప్పుడు చేయకుండా గుడి మెట్లు దిగి, వర్ధని విడిచిన చెప్పులు తీసుకుని వెళ్ళి దాచేశాడు.